ఐవీఎఫ్ ఇంజక్షన్లు తీసుకుంటున్నారా? కోనసీమ నుంచి సిటీకి వెళ్లే దంపతులు ఈ జాగ్రత్తలు మర్చిపోవద్దు!

పిల్లల కోసం ఐవీఎఫ్‌కు వెళ్లే దంపతుల చేతికి మొదట వచ్చేది ఇంజక్షన్ల సంచే. పది పన్నెండు రోజుల పాటు రోజూ ఒకే టైమ్‌కు తీసుకోవాల్సిన హార్మోన్ ఇంజక్షన్లు అందులో ఉంటాయి. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు నుంచి ఈ ట్రీట్‌మెంట్ కోసం కాకినాడ, రాజమండ్రి, విజయవాడ, హైదరాబాద్ వెళ్లే వాళ్లుంటారు. అంటే డాక్టర్, స్కానింగ్ మిషన్ సిటీలో. సూది మాత్రం ఇంట్లో. అసలు చిక్కంతా ఈ మధ్య దూరంతోనే.

సూది గుచ్చడం పెద్ద విద్యేం కాదు. నర్సు ఒకసారి చూపిస్తే చాలామంది సొంతంగానే చేసుకుంటారు. కానీ ఆ మందు లోపల ఎలా పనిచేస్తోంది, డోసు పెంచాలా, తగ్గించాలా అన్నది స్కాన్ చూస్తే గానీ తెలియదు. అందుకే ఇంజక్షన్లు మొదలుపెట్టే ముందే ఈ విషయాలు ఇంట్లో అందరూ తెలుసుకోవాలి.

అసలు ఈ ఇంజక్షన్లు ఏం చేస్తాయి?

మామూలుగా ఆడవాళ్లలో నెలకు ఒక అండమే పూర్తిగా పెరిగి విడుదలవుతుంది. ఐవీఎఫ్‌లో ఒకేసారి ఎక్కువ అండాలు కావాలి. అందుకోసం ఎఫ్ఎస్‌హెచ్, హెచ్ఎంజీ లాంటి ఇంజక్షన్లు ఇస్తారు. వీటితో అండాశయంలో ఫాలికల్స్, అంటే అండం పెరిగే చిన్న నీటి సంచులు, ఒకేసారి చాలా పెరుగుతాయి.

నాలుగైదు రోజులయ్యాక ఇంకో ఇంజక్షన్ కలుస్తుంది. అండాలు టైమ్ కాకముందే విడుదలై పోకుండా ఆపడం దీని పని. ఫాలికల్స్ సరైన సైజుకు వచ్చాక చివరగా ఇచ్చేదే ‘ట్రిగ్గర్’ ఇంజక్షన్. ఇది అండాలను పక్వానికి తెస్తుంది. అండాలు తీశాక, పిండం పెట్టే దశలో ప్రొజెస్టెరాన్ ఇస్తారు. దీన్ని కొందరికి నడుము కింద కండలోకి ఇంజక్షన్‌గా, కొందరికి మాత్రలు, జెల్ రూపంలో ఇస్తారు.

ఒక్కో ఇంజక్షన్‌ది ఒక్కో పని. అందుకే పక్కింటావిడకు పనిచేసిన డోసు మీకూ పనిచేస్తుందని అనుకోవద్దు. వయసు, బరువు, ఏఎంహెచ్ రిపోర్టు, పీసీఓఎస్ ఉందా లేదా అన్నవి చూసి డాక్టర్ డోసు నిర్ణయిస్తారు.

స్కాన్ మానేస్తే అసలుకే మోసం!

‘ప్రతి స్కాన్‌కీ అంత దూరం ఏం వెళ్తాంలే, ఇంజక్షన్లు ఎలాగూ వేసుకుంటున్నాం కదా’ అని కొందరు అనుకుంటారు. ఇది చాలా ప్రమాదం. ఫాలికల్స్ మరీ ఎక్కువగా పెరుగుతుంటే డోసు తగ్గించాలి. ఒక్కోసారి ట్రిగ్గర్ మార్చాల్సి వస్తుంది, లేదా పిండాలను ఫ్రీజ్ చేసి తర్వాతి నెలకు వాయిదా వేయాల్సి వస్తుంది. ఇవన్నీ స్కాన్, రక్తపరీక్ష చూశాకే తేలతాయి. దూరం మరీ ఇబ్బందైతే కొన్ని స్కాన్‌లు దగ్గర్లోనే చేయించుకుని రిపోర్టు పంపొచ్చా అని మీ డాక్టర్‌నే ముందుగా అడగండి.

ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకునే వాళ్లు కూడా ఉంటారు. ఎవరు వేసినా సరే, డోసు మార్చే మాట మాత్రం సెంటర్ డాక్టర్ నుంచే రావాలి.

ఐయూఐకి కూడా ఇదే వర్తిస్తుంది. ఇంజక్షన్లతో మూడు నాలుగు అండాలు ఒకేసారి పెరిగితే కవలలు, ముగ్గురు పిల్లలు పడే అవకాశం ఉంటుంది. అది తల్లికీ బిడ్డలకీ కష్టమే. అలాంటప్పుడు ఆ నెల ఐయూఐ వద్దని డాక్టర్ చెబితే, ఆ నెల భార్యాభర్తలు కలవకుండా ఉండాలి లేదా కండోమ్ వాడాలి.

‘యూనిట్ల’ దగ్గర చాలామంది తికమక

ఇంట్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. హార్మోన్ మందు మీద రాసిన యూనిట్లు వేరు, ఇన్సులిన్ సిరంజి మీద గీతలు వేరు. ఉదాహరణకు 75 యూనిట్ల పొడి మందులో ఒక మిల్లీలీటర్ ద్రవం కలిపారనుకోండి. ఆ మిల్లీలీటర్ మొత్తం కలిపితేనే 75 యూనిట్లు. 100 గీతల ఇన్సులిన్ సిరంజిలో 75వ గీత దగ్గర ఆపేస్తే వెళ్లేది ముప్పావు డోసే! అందుకే ‘ఎన్ని యూనిట్లు’ అని మాత్రమే కాదు, ‘ఏ సిరంజిలో ఏ గీత వరకు’ అని నర్సును అడిగి రాయించుకోండి. ఫోన్‌లో వీడియో తీసుకుంటే ఇంకా మంచిది.

సూది వేసుకునేటప్పుడు ఇవి పాటించండి:

* చేతులు సబ్బుతో కడుక్కోండి. మందు పేరు, ఎక్స్‌పైరీ తేదీ చూడండి.
* బొడ్డుకు రెండు వేళ్ల దూరం వదిలి పొట్ట మీద వేసుకోండి. రోజూ చోటు మార్చండి.
* వాడిన సూదిని మళ్లీ వాడొద్దు. పెన్ అయినా సరే, ప్రతిసారీ కొత్త సూది పెట్టాల్సిందే.
* వాడిన సూదులను మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, సెంటర్‌లో ఇచ్చేయండి. చెత్తలో, కాలవలో పడేయొద్దు.
* ఒక డోసు మర్చిపోతే మర్నాడు రెండూ కలిపి వేసుకోవద్దు. వెంటనే సెంటర్‌కు ఫోన్ చేయండి.

కరెంటు పోతే? వరదొస్తే?

పెన్ రూపంలో వచ్చే చాలా మందులను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. కొన్ని పొడి మందులు 25 డిగ్రీల వరకు బయట ఉన్నా పర్లేదు. కానీ మే నెలలో మన ఇళ్లలో 25 డిగ్రీలు ఎక్కడుంటుంది? అందుకే ప్యాక్ మీద ఏం రాసి ఉందో చూసి, అనుమానం ఉంటే అడగండి.

మందును ఫ్రిజ్ మధ్య అరలో పెట్టండి. ఫ్రీజర్‌లో గానీ, దానికి ఆనించి గానీ పెట్టొద్దు. గడ్డకట్టిన మందు మళ్లీ కరిగినా పనికిరాదు. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు మాటిమాటికీ తీయకండి. సిటీ నుంచి బస్సులో తెచ్చుకునేటప్పుడు ఐస్ ప్యాక్‌తో చిన్న బాక్స్ వాడండి. మందు నేరుగా ఐస్‌కు తగలకుండా మధ్యలో గుడ్డ చుట్టండి.

గోదావరి వరదల సంగతి కోనసీమ వాళ్లకు చెప్పక్కర్లేదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక గ్రామాలకు రోజుల తరబడి దారి లేకుండా పోయింది. జులై నుంచి సెప్టెంబరు మధ్య ట్రీట్‌మెంట్ మొదలుపెట్టాలనుకునే లంక గ్రామాల వాళ్లు డాక్టర్‌తో ముందే మాట్లాడాలి. వీలైతే వాయిదా వేసుకోవడం, లేదంటే ఆ రోజుల్లో సెంటర్ దగ్గర్లో బంధువుల ఇంట్లో ఉండటం మేలు.

ట్రిగ్గర్ టైమ్... గంట తేడా వచ్చినా చెప్పాల్సిందే

అన్ని ఇంజక్షన్లలో ట్రిగ్గర్‌కు మాత్రం గడియారం ముఖ్యం. ఇది వేసిన 34 నుంచి 36 గంటల తర్వాత అండాలు తీస్తారు. ముందే వేస్తే అండాలు విడుదలై పోవచ్చు. ఆలస్యమైతే పక్వానికి రాకపోవచ్చు. రెండు వారాల కష్టం, పెట్టిన డబ్బు అన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి.

రాత్రి 10.30కి ట్రిగ్గర్ వేసుకుంటే, 35 గంటల లెక్కన ఎల్లుండి ఉదయం 9.30కి అండాలు తీయాలి. మత్తు ఇవ్వాలి కాబట్టి అంతకు చాలా ముందే, ఖాళీ కడుపుతో అక్కడ ఉండాలి. రాజోలు నుంచి తెల్లవారుజామున బయల్దేరి అందుకోవచ్చులే అనుకోకుండా, ముందు రోజు సాయంత్రమే సిటీకి చేరుకోండి. ట్రిగ్గర్ వేసిన టైమ్‌లో తేడా జరిగితే దాచొద్దు. నిజం చెబితే డాక్టర్ అండాలు తీసే టైమ్ మార్చగలరు.

ఇంకో మాట. హెచ్‌సీజీ ట్రిగ్గర్ తీసుకున్నాక పది పద్నాలుగు రోజుల లోపు ఇంట్లో ప్రెగ్నెన్సీ టెస్ట్ చేస్తే, ఆ మందు వల్లే పాజిటివ్ చూపించవచ్చు. డాక్టర్ చెప్పిన తేదీ వరకు ఆగండి.

ఈ లక్షణాలుంటే తెల్లారే వరకు ఆగొద్దు!

పొట్ట కాస్త ఉబ్బడం, సూది చోట ఎర్రబడటం, తలనొప్పి, చిరాకు మామూలే. కానీ కొందరిలో అండాశయాలు మందుకు అతిగా స్పందిస్తాయి. దీన్నే ఓహెచ్ఎస్ఎస్ అంటారు. రక్తనాళాల్లోంచి నీరు బయటికి వచ్చి పొట్టలో, ఒక్కోసారి ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. రక్తం చిక్కబడి గడ్డలు కట్టే ప్రమాదం కూడా ఉంది. తీవ్రమైన ఓహెచ్ఎస్ఎస్ అరుదే. కానీ నిర్లక్ష్యం చేస్తే ప్రాణం మీదకు వస్తుంది.

పీసీఓఎస్ ఉన్నవాళ్లు, చిన్న వయసు వాళ్లు, ఏఎంహెచ్ ఎక్కువ ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఇది ఎక్కువగా ట్రిగ్గర్ తర్వాతే బయటపడుతుంది. గర్భం నిలిస్తే పది రోజులు దాటాక కూడా రావొచ్చు. అంటే మీరు ఇంటికి తిరిగొచ్చేసిన తర్వాత అన్నమాట!

* ఒక్క రోజులో కిలో, అంతకంటే ఎక్కువ బరువు పెరగడం
* పొట్ట బిగదీసుకుపోవడం, తగ్గని నొప్పి, ఆగని వాంతులు
* మూత్రం బాగా తగ్గిపోవడం, ముదురు రంగులో రావడం
* ఆయాసం, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం
* ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం
* పొత్తికడుపులో ఒక పక్క ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి (అండాశయం మెలిపడినా ఇలా వస్తుంది)

వీటిలో ఏది కనిపించినా ముందు సెంటర్‌కు ఫోన్ చేయండి. ఆయాసం, తీవ్రమైన నొప్పి ఉంటే 108కి ఫోన్ చేసి దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లండి. ‘గ్యాస్ అయ్యుంటుంది’ అని సోడా తాగి పడుకోవద్దు. ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. ఇంజక్షన్లు మొదలైన రోజు నుంచి ఉదయాన్నే బరువు చూసి రాసుకోండి. పది సెకన్ల ఈ పని పెద్ద ముప్పును ముందే పట్టిస్తుంది.

చట్టం ఏం చెబుతోంది?

2019 సెప్టెంబరులో అప్పటి తూర్పు గోదావరి జిల్లా నేలపర్తిపాడుకు చెందిన 70 ఏళ్లు దాటిన మహిళ, ఐవీఎఫ్‌తో గుంటూరులో కవలలకు జన్మనివ్వడం దేశమంతా చర్చకు వచ్చింది. అంత వయసులో ఇలాంటి ట్రీట్‌మెంట్ ఇవ్వొచ్చా అన్న ప్రశ్న లేచింది. ఇప్పుడు దానికి చట్టంలోనే జవాబు ఉంది. 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉన్న ఏఆర్‌టీ చట్టం ప్రకారం మహిళకు 21 నుంచి 50 ఏళ్ల మధ్య, పురుషుడికి 21 నుంచి 55 ఏళ్ల మధ్య మాత్రమే ఈ సేవలు ఇవ్వాలి.

దాత అండంతో గర్భం దాల్చే మహిళకు హార్మోన్లు ఇచ్చేది గర్భసంచిని సిద్ధం చేయడానికే. అండాలు పెంచే ఇంజక్షన్లు, వాటితో వచ్చే ఓహెచ్ఎస్ఎస్ ముప్పు దాతకు ఉంటాయి. అందుకే దాత వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలని, జీవితంలో ఒక్కసారే అండదానం చేయాలని, ఏడు అండాలకు మించి తీయకూడదని చట్టం కట్టడి చేసింది. డబ్బు ఆశ చూపి మళ్లీ మళ్లీ ఇంజక్షన్లు వేయిస్తామని ఎవరైనా అంటే అది నేరమే.

మీరు వెళ్లే సెంటర్‌కు రిజిస్ట్రేషన్ ఉందా లేదా అడగండి. లెవెల్ 1 క్లినిక్ ఐయూఐ వరకే చేయాలి. ఐవీఎఫ్ చేయాలంటే లెవెల్ 2 రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే.

ఇంటికి బయల్దేరే ముందు ఇవి చేతిలో ఉన్నాయా?

మందుల పేర్లు, డోసు, టైమ్ రాసిన కాగితం. రాత్రి పూట కూడా ఎత్తే ఫోన్ నంబర్. తర్వాతి స్కాన్ తేదీ. అత్యవసరమైతే దగ్గర్లో ఏ ఆసుపత్రికి వెళ్లాలో డాక్టర్ చెప్పిన పేరు. ఈ నాలుగూ ఉంటేనే సెంటర్ గడప దాటండి. ఆ కాగితాన్ని ఫోటో తీసి భర్త ఫోన్‌లో, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా ఉంచండి. అర్ధరాత్రి ఏదైనా ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తే, అక్కడి డాక్టర్‌కు మీ పరిస్థితి నిమిషంలో అర్థమయ్యేలా చేసేది ఆ కాగితమే.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందులు, డోసుల విషయంలో మీకు ట్రీట్‌మెంట్ ఇస్తున్న డాక్టర్ మాటే పాటించండి.