పాత ట్రాక్టర్ల తిరునాళ్ల

యంత్రముల ముచ్చట పురుషులదనియు, అందు స్త్రీలు వినదగిన దేమియు లేదనియు మనలో ననేకులు తలంతురు. పాత ట్రాక్టర్ల ప్రదర్శనమను మాట చూడగానే సోదరీమణు లీ పుట త్రిప్పివేయుదురేమో యని నాకును శంక కలిగినది. కాని ఆ యినుప బండ్ల చరిత్రలో వేలకొలది వనితల చరిత్ర యిమిడియున్నది. అందుచేతనే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఇంగ్లండు దేశమున నాటింగ్‌హాంషైరునందు న్యూఆర్క్ అను పట్టణము కలదు. అచ్చటి ప్రదర్శన మైదానమున నవంబరు మాసమున పాత ట్రాక్టర్ల ప్రదర్శనము జరుగుచుండును. కోతలు ముగిసి రైతులకు కొంత తీరిక చిక్కు కాలమది. ఈ యంత్రములయందు మక్కువగల మిత్రులతో కలిసి నేనును చూడబోయితిని. మన తిరునాళ్లకు వలెనే అచ్చటికిని కుటుంబములు కుటుంబములుగ వత్తురు. తాత బండి గుణములను వర్ణించుచుండగా మనుమడు దాని చక్రమును పట్టుకొని నిలుచుండును. ఒకప్రక్క పాత మరలు, దీపములు, ఆసనములు అమ్మెడి అంగళ్లు. తన బండికి కావలసిన చిన్న మర యొకటి దొరికినచో ఆ గృహస్థుని యానందము, తప్పిపోయిన నగ దొరికిన ఇల్లాలి యానందమునకు తీసిపోదు.

బండ్లలో ముందుగ కన్నుల నాకర్షించినది ఫోర్డ్‌సన్. దీనిని అమెరికాలో హెన్రీ ఫోర్డు 1917లో తయారుచేయ నారంభించెను. కార్లవలెనే వీనినికూడ కర్మాగారమున వరుసగ నిర్మించుటచే వెల తగ్గి, 1922లో 395 డాలర్లకే లభించెను. దాని ప్రక్కనే లాంజ్ బుల్‌డాగ్ అను జర్మను బండి. దాని పుట్టుక 1921. ఈ బండిని మేల్కొలుపుట యొక వేడుక. ముందుభాగమును మంటదీపముతో కొంతసేపు కాచి, స్టీరింగు చక్రమును ఊడబెరికి, దానినే ప్రక్కనున్న పెద్ద చక్రమునందు దూర్చి త్రిప్పవలెను. ఫీల్డ్ మార్షల్ అను ఇంగ్లీషు బండి మరియు విచిత్రమైనది. తుపాకి తూటావంటి గుళికను అందులో నుంచి సుత్తితో కొట్టిన, పెద్ద చప్పుడుతో యంత్రము కదలును.

మా మిత్రులలో నొక వాదము బయలుదేరినది. పాత బండికి క్రొత్త రంగు వేసి మెరయించుట మేలా, లేక త్రుప్పును, సొట్టలను అట్లే యుంచుట మేలా? ఈ వాదము మన యిండ్లలోను లేకపోలేదు. అమ్మమ్మ వాడిన ఇత్తడి బిందెకు మెరుగు పెట్టించి సొట్ట తీయింతుమా, ఆమె చేతిగురుతని అట్లే దాచుకొందుమా? ఈ వాదమును వినుచుండగా, ఆ బండ్లపైని చేతిగురుతు లెవరివను ప్రశ్న నాకు తోచినది.

ఆ చేతులలో ననేకములు స్త్రీలవి. ఆనాడు బ్రిటను తన యాహారములో నధికభాగమును సముద్రముమీదుగ తెప్పించుకొనుచుండెను. 1939లో యుద్ధము రాగా, శత్రువుల జలాంతర్గాములు ఓడలను ముంచివేయుచుండెను. పచ్చికబయళ్లను దున్ని పైరుపెట్టక గత్యంతరము లేకపోయెను. పొలము పనివారిలో ననేకులు సైన్యమున చేరిరి. ఈ లోటు ముందే యూహించి, 1917లో మొదటి యుద్ధకాలమున నేర్పడిన ‘విమెన్స్ లాండ్ ఆర్మీ’ని, అనగా స్త్రీల వ్యవసాయసేనను, 1939 జూనులో మరల నెలకొల్పిరి. లేడీ డెన్మన్ దానికి నాయకురాలు.

దుకాణములలో సరకు లమ్మినవారు, కచేరీలలో టైపు కొట్టినవారు, అంతవరకు పొలముగట్టు తొక్కనివారు ఎందరో ఇందు చేరిరి. 1943 నాటికి వారి సంఖ్య 80,000 దాటెను. పాలు పితికిరి, గడ్డి కోసిరి, ఎలుకలను పట్టిరి, ట్రాక్టర్లు తోలిరి. ఆనాటి ఫోర్డ్‌సన్‌కు మీట నొక్కగానే కదలు సౌకర్యము లేదు. గడ్డకట్టు చలిలో ముందునిలిచి ఇనుప హాండిలును త్రిప్పవలెను. బొటనవ్రేలిని హాండిలు చుట్టు పట్టిన, అది వెనుకకు తన్ని ఎముక విరుగగొట్టును. కావున బొటనవ్రేలిని కడమ వ్రేళ్ల ప్రక్కనే యుంచి త్రిప్పుట నేర్చుకొనవలెను. మొదట పెట్రోలుతో నడిపి, యంత్రము వేడెక్కిన పిదప చవుకయైన కిరసనాయిలుకు మార్చవలెను. పైన కప్పు లేదు, కూర్చుండుట కొక ఇనుప పీట మాత్రమే. నారింజ రంగున నున్న ఈ బండ్లకు 1940లో ఆకుపచ్చ రంగు వేయసాగిరి. శత్రువిమానములకు కనబడకుండుటకే యట్లు చేసిరని చెప్పుదురు.

ఇంత పాటుపడినను పురుషునికంటె తక్కువ కూలియే వారికి లభించెను. యుద్ధము ముగియవచ్చినప్పుడు, సైనికుల కిచ్చు పారితోషికములు ఈ సేనకు లేవని ప్రభుత్వము నిర్ణయించెను. అందుకు నిరసనగ లేడీ డెన్మన్ 1945లో తన పదవికి రాజీనామా నిచ్చెను. 1950లో సేన రద్దయ్యెను. వారి సేవను గుర్తించి ప్రభుత్వము స్మారక బ్యాడ్జి నిచ్చినది 2008లో. అప్పటికి పదునెనిమిదేండ్ల పడుచులు ఎనుబదేండ్ల ముదుసళ్లైరి. చాలమంది కన్నుమూసిరి. 2014లో స్టాఫర్డ్‌షైరునందు వారికొక స్మారకశిల్పము వెలసినది.

ప్రదర్శనమున నేను చూచిన బండ్లయెదుట పలకలు కలవు. తయారైన సంవత్సరము, గుఱ్ఱపుబలము, యజమాని పేరు వానిపై నుండెను. తోలినవారి పేరు మాత్రము కానరాలేదు. ఇనుమును కాపాడుట కింత శ్రద్ధ గలవారు, దానిని నడిపిన చేతుల పేరుకూడ వ్రాసినచో ఎంత బాగుండునని నాతో వచ్చినవారితో నంటిని. వారును కాదనలేదు.

తిరిగివచ్చునపుడు బూడిదరంగు ఫెర్గూసన్ బండ్ల వరుస కనబడినది. పూర్వము నాగలి బండివెనుక ఈడ్వబడుచుండెను. కర్రు రాతికి తగిలిన, బండి ముందుభాగము పైకిలేచి తోలువానిపై తిరుగబడు ప్రమాద ముండెడిది. హారీ ఫెర్గూసన్ నాగలిని మూడుచోట్ల బండికి తగిలించి, నూనె ఒత్తిడితో పైకిలేపు నుపాయము కనిపెట్టెను. 1946 మొదలు 1956 వరకు కవెంట్రీ పట్టణమున ఈ చిన్నబండ్లు అయిదు లక్షలకు పైగా తయారైనవి. ఆ వంశపు బండ్లనే మాసీ ఫెర్గూసన్ పేరుతో మదరాసులో 1960లో స్థాపింపబడిన టాఫే సంస్థ మన దేశమున నిర్మించెను. మన పొలములలో తిరుగు ట్రాక్టర్లకు నాగలి నేటికిని ఆ మూడుచోట్లనే తగులుకొనును.

ఆ పొలములలోనే నాట్లు వేయునది, కలుపు తీయునది మన స్త్రీలు. అయినను రైతు అనగానే మన మనస్సునకు తోచునది తలపాగ చుట్టిన పురుషుడే. ఇంగ్లండు వనితలు తమ పేరు వినుటకు అరువదేండ్లకు పైగా వేచియుండిరి. మన మంతకాల మేల వేచియుండవలెను? మీ యింట ముసలమ్మ యున్నచో, ఆమె ఏ పొలమున ఏ పని చేసినదో, ఎంత కూలి తెచ్చినదో, ఆ కూలితో ఎవరిని పెంచినదో నేడే యడుగుడు. విని, ఆమె పేరుతోసహా ఒక పుస్తకమున వ్రాసియుంచుడు.