తునికాకు సేకరణ కూలీలు: ఆసిఫాబాద్ అడవుల్లో శ్రమ, సంక్షేమం

ఆసిఫాబాద్ అటవీ గ్రామాల ప్రజలకు వేసవిలో నగదు ఆదాయమిచ్చే పనుల్లో తునికాకు సేకరణ ముఖ్యమైనది. కూలి రోజు లెక్కన కాక, కల్లంలో అప్పగించిన 50 ఆకుల కట్టల లెక్కన నిర్ణయమవుతుంది. ఇదే ఆకుతో బీడీలు చుట్టేవారిని, ఇంటివద్ద పనిచేసినా సరే, 1966 నాటి చట్టం కార్మికులుగా గుర్తించి వేతనంతో కూడిన సెలవులు, ప్రసూతి ప్రయోజనాలు కల్పించింది. 1976లో వారికి సంక్షేమ నిధి చట్టం కూడా వచ్చింది. ఆకు సేకర్తలు ఈ పరిధిలోకి రాలేదు. వారికి లభించే బోనస్ వేతనంలో భాగం కాదు; ఆకు అమ్మకంలో మిగిలిన నికర ఆదాయంలో వాటా. ధర పడిపోతే అదీ తగ్గుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం ఈ ఆకుపై అటవీవాసుల యాజమాన్యాన్ని గుర్తించింది. అందువల్ల సేకర్త చట్టరీత్యా హక్కుదారు, ఆచరణలో కూలీ. కార్మికునికి దక్కవలసిన భద్రత మాత్రం ఏ విధంగానూ అందలేదు.