సంచిలో ఇమిడే బొంత

వరంగల్లు నుండి ఖమ్మం పోయే బాటమీద ఉన్నది వర్ధన్నపేట. చుట్టూ పల్లెలు, పత్తి చేలు, లంబాడీ తండాలు. ఈ ప్రాంతపు ఇండ్లలో చలికాలపు రాత్రి బొంతకున్న విలువ వేరే చెప్పనక్కరలేదు. కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలు నాలుగైదు ఒకదానిమీద ఒకటి పరచి, అంచులు లోనికి మడిచి, సూదిని పైకి క్రిందికి పోనిస్తూ వరుసవెంట వరుస కుట్టుకొని పోవుటే ఆ పని. చూచుటకు సులభమే. కాని వరుసలు ఎడమైనవా, ఉతికినప్పుడు లోపలి గుడ్డ ముద్దకట్టి ఒక మూలకు చేరుతుంది.

బొంతకు ఒక చిక్కున్నది. అది వసారా అంత చోటు అడుగుతుంది. ఇద్దరు ముగ్గురు చుట్టూ కూర్చుంటే గాని సాగదు. బస్సు స్టాండుకో, ఆసుపత్రి వరండాకో దానిని వెంట తీసుకొనిపోలేరు. ఆడవారి కాలంలో ఎదురుచూపులకు పోయే భాగం తక్కువేమీ కాదు. బస్సుకోసం, డాక్టరుకోసం, బడి విడిచే గంటకోసం. ఆ కాలాన్ని ఎవరూ లెక్కలో వేయరు.

ఆ తండాల పూర్వులు ఎడ్లమీద ఉప్పు, ధాన్యం మోస్తూ దేశమంతా తిరిగినవారు. వారి స్త్రీలు అద్దాలు, గవ్వలు కుట్టిన చిన్న చిన్న సంచులను చూచినవారికి ఒక సంగతి తోచకపోదు: సంచారమే సంసారమైన చోట కుట్టుపని కూడా చేతిలో ఇమిడేదిగానే ఉండాలి గదా! బొంతను అట్లే ముక్కలు చేసి మోయవచ్చును. ఇంగ్లాండు స్త్రీలు ఎంతో కాలంగా చేస్తున్న పని ఇదే. ఒక్కొక్క భుజం ఒక అంగుళం ఉండే షడ్భుజి కాగితపు బిళ్లను కత్తిరిస్తారు. పాత శుభలేఖ అట్ట దీనికి చక్కగా పనికివస్తుంది. చుట్టూ పావు అంగుళం ఎక్కువగా గుడ్డ కత్తిరించి, బిళ్లమీదికి మడిచి, పొడుగు కుట్లతో పట్టించాలి. ఇటువంటి రెండింటిని ముఖాముఖిగా పెట్టి అంచులు మాత్రమే కలిపి కుట్టాలి. ఒక బిళ్లకు ఆరువైపులా పొరుగు బిళ్లలు చేరిన తరువాత దాని కాగితం లాగివేయవచ్చును.

ఆరు భుజాలే యెందుకని విద్యార్థులు అడగవచ్చు. సమషడ్భుజి కోణం 120 డిగ్రీలు. మూడు కలిస్తే 360, సందు మిగలదు. పంచభుజి కోణం 108. మూడు చేరితే 324 మాత్రమే, నాలుగవది పట్టదు. చదరమూ త్రిభుజమూ కూడా అతుకుతాయి గాని, వాటి మొనలవద్ద గుడ్డ మడచుట కష్టం.

పసిబిడ్డకు 36 అంగుళాల వెడల్పు, 45 అంగుళాల పొడవు గల బొంతకు ఇటువంటి బిళ్లలు 620కి పైగా కావాలి. రోజుకు నాలుగు చేసినా ఐదు నెలలు దాటుతుంది. కంగారుపడవలసినది లేదు; ఆ కాలం ఎటూ గడిచిపోయేదే.

ఎదురుచూపులో పుట్టిన ముక్కల బొంతలలో మరువరానిది ఒకటున్నది. 1841లో ‘రాజా’ అనే ఓడ 180 మంది స్త్రీ ఖైదీలతో ఇంగ్లాండు నుండి టాస్మేనియాకు బయలుదేరినది. ఏప్రిల్‌లో ఎక్కినవారు జూలైలో గాని నేలమీద కాలు పెట్టలేదు. ఖైదీల మేలుకోరే మహిళా సంఘంవారు సూదులు, దారం, గుడ్డముక్కలు ఇచ్చి పంపినారు. ఓడలోనే 2,815 ముక్కలతో ఒక పెద్ద బొంత తయారయినది. సంఘం వారికి కృతజ్ఞతలు తెలుపుతూ దానిమీద అక్షరాలు కూడా కుట్టినారు. కుట్టినవారి పేర్లు మాత్రం అందులో లేవు. నేడది ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలలో ఉన్నది. శిక్షపడి దేశం దాటిపోతున్నవారి చేతిలో అంత ఓపిక ఎక్కడిదో!

మన పొరుగున ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా సంతతికి చెందిన సిద్ది స్త్రీలు కుట్టే బొంత పేరు కవంది. వారు అంచువద్ద మొదలుపెట్టి నడుమకు వస్తారు. నాలుగు మూలలా ‘ఫులా’ అనే చిన్న గుడ్డపువ్వు కుట్టనిదే అది పూర్తయినట్టు లెక్క కాదు.

ఈ పనికి నేడు ఎదురైన కష్టం వేరొకటి. పాలియెస్టరు చీర చెమట పీల్చదు, మడత నిలువదు, సూదిక్రింద జారిపోతుంది. అందుచేత పెట్టెలో మిగిలిన నూలు చీరలను ముందుగా ఏరి పెట్టుకోవాలి. ఒక డబ్బాలో సూది, దారపు ఉండ, చిన్న కత్తెర, ఇరవై బిళ్లలు, అన్నే గుడ్డముక్కలు పడతాయి. లోపలినుండి పిలుపు వచ్చినప్పుడు సూదిని గుడ్డలో గుచ్చి, మూత పెట్టి, లేచి పోవచ్చును.