జ్యా, జేబు, సైన్ తీటా

తెలుగు మీడియంలో లెక్కలు చదివినవాళ్లకు ‘జ్యా’ గుర్తుండే ఉంటుంది. వృత్తం మీది రెండు బిందువులను కలిపే గీత. అసలు అర్థం వింటినారి. ఆర్యభటుడి నాటి నుంచీ మన జ్యోతిష్కులు కోణాల లెక్కలకు ఈ నారిలో సగాన్ని వాడారు. ‘అర్ధజ్యా’ అని ప్రతిసారీ అనలేక దాన్నీ జ్యా అనో, జీవా అనో అనేశారు. 8వ శతాబ్దంలో ఈ విద్య బాగ్దాదు చేరినప్పుడు అక్కడి పండితులు ఆ మాటను తర్జుమా చెయ్యలేదు, ‘జీబ’ అని విన్నదాన్ని విన్నట్టే రాసుకున్నారు. అరబ్బీలో పొట్టి అచ్చులు రాసే అలవాటు లేదు కాబట్టి ఆ అక్షరాలనే ‘జైబ్’ అనీ చదవొచ్చు. జీబకు అరబ్బీలో అర్థం లేదు. జైబ్‌కు ఉంది, అంగీకి మెడ దగ్గర ఉండే తెరపి, మడత అని. చదివేవాళ్ల నాలుక అర్థమున్న మాటవైపే పోయింది. 12వ శతాబ్దంలో లాటిన్ అనువాదకులు ఆ జైబ్‌ను ‘సైనస్’ అన్నారు, అంటే మడత, ఒడి. పదో తరగతి సైన్ తీటా అక్కడిదే. జైబ్ మరో దారిన, పారశీకం, ఉర్దూల మీదుగా వచ్చి మన చొక్కాకు జేబైంది.

మధ్యయుగపు ముస్లిం శాస్త్రవేత్తల గురించి మన ఫోన్లలో తిరిగే మాటలు రెండే రకాలు. ‘వాళ్లు కనిపెట్టిందేమీ లేదు, మన దగ్గరా గ్రీకుల దగ్గరా ఎత్తుకుపోయారు’ అనేది ఒకటి. ‘సున్నా మొదలు విమానం దాకా అన్నీ వాళ్లవే’ అనేది రెండోది. జేబు కథ వింటే రెండు పక్షాలకూ కాస్త ఇబ్బందే.

అపోహ: మన విద్య తీసుకుని తమదని చెప్పుకున్నారు

ఎవరు చెప్పుకున్నారు? 9వ శతాబ్దంలో బాగ్దాదులో ఉన్న అల్ ఖ్వారిజ్మీ అంకెల మీద రాసిన పుస్తకం ‘హిందూ లెక్క’ గురించి అని బాహాటంగానే చెబుతుంది. ‘అరబిక్ అంకెలు’ అని పేరు పెట్టింది యూరప్‌వాళ్లు. అరబ్బులు తాము వాడే అంకెలను నేటికీ హిందీ అంకెలనే అంటారు. హైదరాబాదులో చార్మినార్ పక్కనే నిజామియా ఆసుపత్రి ఉంది, యునానీ వైద్యానిది. యునానీ అంటే గ్రీకు అనే. పేరులోనే అప్పు రాసుకున్న వైద్యం అది.

అబ్బాసీ ఖలీఫాల దగ్గర మంత్రులుగా ఉన్న బర్మకీ వంశం వాళ్లు బల్ఖ్ నగరంలోని ‘నవ్‌బహార్’ పెద్దల సంతతి. నవ్‌బహార్ అంటే నవ విహారం, బౌద్ధ విహారం. ఆ బర్మకీల పూనికతోనే భారతీయ వైద్యులు బాగ్దాదు వెళ్లారు, సుశ్రుతుడి గ్రంథం అరబ్బీలోకి మారింది. 10వ శతాబ్దం చివర ఇబ్న్ అల్ నదీమ్ కూర్చిన పుస్తకాల పట్టికలో ఆ అనువాదం ఊసు ఉంది.

ఇక అల్ బిరూనీ (973–1048). గజనీ మహమూద్ దండయాత్రల కాలంలోనే ఈ దేశానికి వచ్చాడు. సంస్కృతం నేర్చాడు, పతంజలి యోగసూత్రాలను అరబ్బీలో పెట్టాడు, 1030 ప్రాంతంలో హిందూ దేశం మీద పెద్ద గ్రంథం రాశాడు. మహమూద్ దాడులు ఈ దేశపు సిరిని నాశనం చేశాయని, అందుకే పండితులు దూరప్రాంతాలకు తరలిపోయారని అందులోనే రాశాడు. గజనీలో కూర్చుని ఆ వాక్యం రాయడం చిన్న సంగతి కాదు. ఇప్పటి పాకిస్తాన్ పంజాబులోని నందన కోట దగ్గర కొండెక్కి, దిగంతం ఎంత దిగువకు వాలి కనిపిస్తోందో కొలిచి, ఆ చిన్న కోణంతో భూమి వ్యాసార్ధం లెక్కగట్టింది కూడా ఆయనే.

అపోహ: వాళ్లు తపాలా బంట్రోతులు మాత్రమే, గ్రీకు ఉత్తరాన్ని యూరప్‌కు అందించారంతే

ఈ మాట వినడానికి మర్యాదగా ఉంటుంది, పాఠ్యపుస్తకాల్లోనూ కనిపిస్తుంది. అందుకే దీని దగ్గర కాసేపు ఆగాలి.

గ్రీకు వైద్యానికి పెద్దదిక్కు గాలెన్. అల్ రాజీ ఒక పుస్తకానికి ‘గాలెన్ మీద సందేహాలు’ అని పేరు పెట్టాడు. గ్రీకు ఖగోళవేత్త టాలమీ మీద రాసినదానికి ఇబ్న్ అల్ హైథమ్ ‘టాలమీ మీద సందేహాలు’ అన్నాడు. ఉత్తరం మోసుకెళ్లేవాడు అందులో తప్పులు దిద్దడు కదా! మశూచి వేరు, తట్టు వేరు అని లక్షణాలు విడదీసి ప్రత్యేకంగా పుస్తకం రాసింది రాజీయే. 925లో పోయాడు.

కంటి నుంచి కిరణాలు బయల్దేరి వస్తువును తాకితే చూపు కలుగుతుందని యూక్లిడ్, టాలమీ నమ్మారు. మరి సూర్యుణ్ని చూస్తే కన్ను ఎందుకు మండుతుంది? వెలుగే బయటి నుంచి కంట్లోకి వస్తోందని హైథమ్ తేల్చాడు. ఊరికే వాదించలేదు. చీకటిగదికి చిన్న కంత పెట్టి, బయట వరసగా దీపాలు ఉంచాడు. లోపలి గోడ మీద ఒక్కో దీపానికీ ఒక్కో వెలుగుమచ్చ పడింది. ఒక దీపాన్ని కప్పితే దాని మచ్చ ఒక్కటే పోయింది. కప్పు తీస్తే తిరిగి వచ్చింది. దీపాల వెలుగులు కంతలో కలిసిపోకుండా తిన్నగా సాగుతున్నాయని దానితో రుజువైంది. 1020 ప్రాంతంలో ఇది ఆయన దృశాశాస్త్ర గ్రంథంలో చేరింది.

ఇబ్న్ అల్ నఫీస్ సంగతి ఇంకా వింత. గుండె కుడి గది నుంచి ఎడమ గదికి మధ్యగోడలోని కనిపించని రంధ్రాల గుండా రక్తం వెళ్తుందని గాలెన్ రాశాడు. వెయ్యేళ్లు అదే వేదం. ఇబ్న్ సీనా వైద్యగ్రంథంలోని శరీరనిర్మాణ భాగానికి 1242లో వ్యాఖ్యానం రాస్తూ నఫీస్ ఆ గోడకు రంధ్రాలే లేవు అన్నాడు. రక్తం ఊపిరితిత్తులకు పోయి, గాలితో కలిసి, ఎడమ గదికి వస్తుందన్నాడు. ఆ రాతప్రతి లోకం కంటపడింది 1924లో. జర్మనీలో చదువుతున్న ఒక ఈజిప్టు వైద్యుడు బెర్లిన్ గ్రంథాలయంలో పట్టుకున్నాడు. అయితే రక్తప్రసరణ కనిపెట్టినవాడిగా హార్వీ పేరు కొట్టేసి నఫీస్ పేరు రాయమనేవాళ్లతోనూ పేచీ ఉంది. నఫీస్ చెప్పింది ఊపిరితిత్తుల దారి. రక్తం ఒళ్లంతా చుట్టి తిరిగి గుండెకు చేరుతుందని కొలతలతో నిలబెట్టింది 1628లో హార్వీయే.

అపోహ: సున్నా, బీజగణితం, విమానం, విశ్వవిద్యాలయం... అన్నీ వాళ్లే

సున్నాతో కూడికలు, తీసివేతలకు సూత్రాలు 628లోనే బ్రహ్మగుప్తుడు రాశాడు. వర్గ సమీకరణాలూ ఆయన చేశాడు, ఆయనకంటే ఎంతో ముందు బాబిలోనియావాళ్లు చేశారు. ఖ్వారిజ్మీ గొప్ప వేరే. సమీకరణాలను ఆరు రకాలుగా సర్ది, ప్రతి పద్ధతి ఎందుకు సరైనదో రేఖాగణితంతో చూపాడు. చిహ్నాలు లేవు, రుణసంఖ్యలు లేవు, అంతా మాటల్లోనే. ‘అల్‌జబ్ర్’ అంటే విరిగినదాన్ని అతకడం. ఎముకలు కట్టే వైద్యుణ్ని స్పెయిన్‌లో చాలాకాలం ‘అల్‌జెబ్రిస్తా’ అనేవారు. మన పుత్తూరు కట్టువాళ్లను అక్కడ ఆ పేరుతోనే పిలిచి ఉండేవాళ్లేమో!

స్పెయిన్‌లోని కొర్డోవాలో ఇబ్న్ ఫిర్నాస్ ఎగిరాడన్న కథ 9వ శతాబ్దానిది, దాన్ని మనకు వివరంగా చెప్పిన చరిత్రకారుడు 17వ శతాబ్దం వాడు. బాగ్దాదు ‘బైతుల్ హిక్మా’ను నలందా వంటి విశ్వవిద్యాలయంగా బొమ్మలు గీస్తారు గానీ, నాటి ఆధారాలను బట్టి అది ఖలీఫాల పుస్తకభాండాగారమని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. చదువు ఎక్కువగా గురువు చుట్టూ నడిచింది. ఒక పుస్తకం గురువు దగ్గర పూర్తిచేస్తే ‘ఇజాజా’ దొరికేది, అంటే ఆ పుస్తకాన్ని ఇంకొకరికి చెప్పే అనుమతి. పట్టా ఇచ్చేది సంస్థ కాదు, మనిషి.

అపోహ: అందరూ అరబ్బులు, అందరూ ముస్లింలు

గాలెన్ గ్రంథాలను దొరికిన ప్రతులన్నీ పోల్చి, పాఠం సరిచేసుకుని మరీ అనువదించిన హునైన్ ఇబ్న్ ఇస్‌హాక్ క్రైస్తవుడు. గణితంలో దిట్ట థాబిత్ ఇబ్న్ ఖుర్రా హర్రాన్ ఊళ్లో నక్షత్రాలను కొలిచే మతం వాడు. ఖ్వారిజ్మీ, బిరూనీ, బుఖారా దగ్గర పుట్టిన ఇబ్న్ సీనా మధ్య ఆసియా వాళ్లు. అందరినీ కలిపింది అరబ్బీ భాష.

అపోహ: గజాలీ తిట్టాడు, మంగోలులు తగలబెట్టారు, అక్కడితో సరి

1111లో పోయిన మతపండితుడు గజాలీ తత్త్వవేత్తలతో తగవుపడుతూ పుస్తకం రాసిన మాట నిజమే. కానీ గ్రహణాలకు గణితం చెప్పే కారణాన్ని మతం పేరుతో కాదనేవాడు మతానికే చెరుపు చేస్తాడని ఆ పుస్తకంలోనే అన్నాడు. 1258లో బాగ్దాదును నేలమట్టం చేసిన మంగోలు పాలకుడు హులాగూయే మరుసటి ఏడాది మరాఘాలో ఖగోళవేత్త నసీరుద్దీన్ తూసీకి వేధశాల కట్టించాడు. 14వ శతాబ్దంలో డమాస్కస్ మసీదులో నమాజు వేళలు లెక్కగట్టే ఉద్యోగి ఇబ్న్ అల్ షాతిర్ చంద్రుడి కదలికకు ఇచ్చిన నమూనా, 1543లో కోపర్నికస్ ఇచ్చినది గణితరీత్యా ఒకటే. సమర్‌కంద్‌లో అల్ కాషీ 1424లో పై (π) విలువను 16 దశాంశాల దాకా తీశాడు. అక్కడే రాజు ఉలుగ్ బేగ్ 1437 నాటికి వెయ్యికి పైగా నక్షత్రాల పట్టిక తయారుచేయించాడు.

ఆ పట్టికను 18వ శతాబ్దంలో ముందుపెట్టుకుని పనిచేసినవాడు మన జైపూర్ రాజు సవాయ్ జయసింగ్, జంతర్ మంతర్‌లు కట్టించినాయన. తన ఖగోళ పట్టికలను పారశీకంలో రాయించి మొఘల్ పాదుషా మహమ్మద్ షా పేరు పెట్టాడు. ఆయన కొలువులోని జగన్నాథ పండితుడు యూక్లిడ్ రేఖాగణితాన్ని సంస్కృతంలోకి తెచ్చాడు. ఎదురుగా పెట్టుకున్న ప్రతి గ్రీకుది కాదు, తూసీ అరబ్బీలో రాసినది.