ఒక్క పాటతో నిలిచినవారు

మహాకావ్యములు వ్రాసిన కవులను మఱచి, ఒక్క చాటుపద్యము చెప్పి పోయినవానిని తలచుకొనుట మన తెలుగువారికి క్రొత్త కాదు. అట్టి పద్యములలో కొన్నింటికి కర్త యెవరో కూడ తెలియదు. పద్యము మాత్రము నోటినుండి నోటికి నడచి మనవఱకు వచ్చినది. సంగీతమునందును నాటకమునందును ఇట్టివారు కలరు. వారు జీవితమంతయు పాడినను లోకము ఒక్క పాటనే పట్టుకొనినది. వారిని గుఱించియు, వారి కొఱకు పెద్దవయసున మనకు కలుగు బెంగను గుఱించియు నాలుగు మాటలు చెప్పదలచితిని. ఈ విషయమున మన గోదావరి డెల్టాకును, సముద్రముల కావలనున్న అమెరికాకును నే నెఱిగినంతలో పెద్ద భేదము లేదు.

మన సంగతి ముందు చూతము. 1880లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తమ శిష్యులచేత నాటకము లాడించిరి. ఆ పిమ్మట ధార్వాడ నాటకులు వచ్చి పాటలతో జనుల నుఱ్ఱూత లూగించి పోయిరి. బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు పాత్రలచేత పద్యములు పాడించిరి. అంతటితో తెలుగు నాటకమునకు పద్యమే ప్రాణమైనది. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి గయోపాఖ్యానము రాజమహేంద్రవరపు నాటక సమాజము కొఱకు పుట్టినదే. తరువాత ఆంధ్రకేసరి యనిపించుకొన్న టంగుటూరి ప్రకాశము పంతులుగారు బాల్యమున ఆ రంగస్థలము మీద వేషములు కట్టినవారే. చింతామణి, వరవిక్రయము వ్రాసిన కాళ్ళకూరి నారాయణరావుగారు కాకినాడవారు. కృష్ణరాయబారపు పద్యములు చెప్పిన తిరుపతి వేంకటకవులలో చెళ్ళపిళ్ళవారు కడియమున, దివాకర్లవారు భీమవరము దగ్గఱి యెండగండిలో జన్మించిరి. ఇంత విత్తనము చల్లిన నేలలో పంట పండకుండునా? ఊరూరను ఒక కృష్ణుడు, ఒక హరిశ్చంద్రుడు, ఒక సుబ్బిశెట్టి మొలచిరి. ఇంటిపేరు పోయి వేషము పేరే ఇంటిపేరైనవారిని మీరును ఎఱుగుదురు.

కాంట్రాక్టు నాటకములు వచ్చిన తరువాత ఈ వేషములకు గిరాకి హెచ్చినది. ఒక సమాజమువారందఱు కలసి నాటకమాడు పద్ధతి సడలి, కృష్ణుని ఒక యూరినుండియు, అర్జునుని ఇంకొక యూరినుండియు, హార్మోనియము వాయించువానిని మఱియొక యూరినుండియు రప్పించి, తెఱ లేచువేళకు ఒకచోట చేర్చెడివారు. జనులకు కథ తెలిసినదే. వారు వచ్చినది ఫలానావాని నోట ఫలానా పద్యము వినుటకు. ఆ పద్యము రాగానే "వన్సుమోరు" కేకలు బయలుదేఱును. చనిపోయి పడియున్న పాత్ర లేచి కూర్చుండి మఱల పద్యమందుకొని, పాడుట ముగించి, తిరిగి చనిపోయిన వేడుకలు మీలో కొందఱు కన్నులార చూచియుందురు. నాటక విమర్శకులు దీనిని నిందించిరి. వారు నిందించుట న్యాయమే. అయినను, తెల్లవాఱుజామున చలిలో ఆ పద్యము కొఱకు కూర్చున్నవానికి విమర్శకుని మాట చెవి కెక్కదు.

గాయకుని ఒక్క పద్యమునకే కట్టివేసినది ఈ కేకలకంటె గ్రామఫోను ప్లేటు అని నా తలంపు. మన దేశమున గ్రామఫోను కంపెనీ మొదట పాటలు పట్టినది 1902లో, కలకత్తా నగరమున. ప్లేటు లక్కతో చేసినది. నిమిషమునకు 78 చుట్లు తిరుగును. పది అంగుళముల ప్లేటు ఒక్కొక్క వైపున మూడు నిమిషములకు మించి పట్టదు. రంగస్థలము మీద రాగము తీసి తీసి పాడు పద్యమును ఆ మూడు నిమిషములలో ఇఱికింపవలెను. ఆలాపన తెగిపోవును. హార్మోనియమువాని చమత్కారము పోవును. మిగిలినది పద్యపు ఎముకల గూడును, గొంతును. అందును 1925 ప్రాంతమున విద్యుత్తుతో పనిచేయు మైకు వచ్చువఱకు, గాయకుడు పెద్ద గొట్టమునకు నోరు చేర్చి కేకవేసినట్లు పాడవలసి యుండెను. సన్నని గొంతులు అందులో నిలువలేదు. పెట్రోమాక్సు దీపముల వెలుగున, మైకు లేకయే వేలమందికి వినబడునట్లు పాడిన నాటకపు గొంతులు నిలిచినవి. కపిలవాయి రామనాథశాస్త్రిగారి ప్లేట్ల కంతటి ప్రచారము కలుగుటకు వారి ప్రతిభ యెంత కారణమో, ఈ యంత్రధర్మమును అంత కారణమని తోచుచున్నది.

శాస్త్రిగారివంటివారికి ప్లేట్లు పెక్కు. ఒక్క ప్లేటు మాత్రమే ఇచ్చి పోయినవారి సంగతి వేఱు. కోనసీమలోని మా యూర అట్టివారొకరుండిరి. ఊరంతయు ఆయనను కృష్ణుడుగారనియే పిలిచెడిది. పడుచుతనమున నాటకపు బృందముతో కలసి మదరాసు వెళ్ళి, ఒక పద్యము ప్లేటునకు పాడి వచ్చిరి. సొమ్ము ఒక్కసారి యిచ్చిరి, అంతే. ప్లేటెన్ని అమ్ముడైనను పాడినవానికి మఱల దమ్మిడీ రాదు. చీటీమీద బృందము పేరు తప్ప ఆయన పేరు లేదు. నాకు పదేండ్ల ప్రాయమున ఒక పెండ్లిలో కొబ్బరిచెట్టునకు కట్టిన మైకుసెట్టులో ఆ ప్లేటు మ్రోగినది. పందిటిలో నున్న కృష్ణుడుగారు సంతోషము పట్టలేక తామును గొంతు కలిపిరి. మైకుసెట్టు కుఱ్ఱవాడు వచ్చి, "పెద్దాయనగారూ, కాసేపు ఊరుకోండి, ప్లేటు వినబడట్లేదు" అన్నాడు. "ఒరే అబ్బాయ్, ఆ పాడేది నేనేరా" అని ఆయన అనగా పందిరి గొల్లుమన్నది. ఆయనయు నవ్విరి. తరువాత పంక్తిలో కూర్చుండి భోజనము చేయలేదు. ఆ ప్లేటు కొఱకు ఆయన మనుమలు నేటికిని వెదకుచున్నారు. చీటీమీద పేరు లేని ప్లేటును ఏమని వెదకుట?

టాకీలు వచ్చి ఈ చిక్కును పెంచినవి. 1932లో విడుదలైన భక్త ప్రహ్లాదలో నటించినవారు సురభి నాటకులు. తొలినాళ్ళలో నటించువారే పాడుకొనెడివారు గనుక రంగస్థలపు గొంతులకు అక్కడను చోటుండెను. 1936లో నిడమర్తి సూరయ్యగారు రాజమహేంద్రవరమున దుర్గా సినీటోను స్థాపించి సంపూర్ణ రామాయణము తీయించిరి. ఆంధ్రదేశమున మొదటి స్టూడియో అది. మదరాసు స్టూడియోలవలె నిలద్రొక్కుకొనియుండిన, మన డెల్టా గాయకుల కథ వేఱొక విధముగ నడచియుండెడిదేమో! కాకినాడ యంగుమెన్సు హ్యాపీక్లబ్బు నాటకములనుండి రేలంగి, ఎస్. వి. రంగారావు, అంజలీదేవి చిత్రములకు వెళ్ళి పేరు గడించిరి. వారి ప్రక్కన నిలిచి పద్యములు పాడినవారిలో అధికసంఖ్యాకులు ఊళ్ళలోనే మిగిలిరి. పిదప నేపథ్యగానము స్థిరపడి, ముఖ మొకరిదియు కంఠ మొకరిదియు అయినది.

దీనికి లవకుశను మించిన యుదాహరణము లేదు. కాకినాడవారైన సి. పుల్లయ్యగారు 1934లో ఒకమాఱు ఆ చిత్రమును తీసిరి. మఱల వారును, వారి కుమారులు సి. ఎస్. రావుగారును తీసిన వర్ణచిత్రము 1963లో వచ్చినది. సీత వేషము వేసిన అంజలీదేవి మన పెద్దాపురపు ఆడపడుచు. లవకుశులుగా నటించినవారు మాస్టర్ నాగరాజు, మాస్టర్ సుబ్రహ్మణ్యము. ఘంటసాలగారు స్వరపఱచగా, ఆ బాలురకు గొంతు నిచ్చినవారు పి. లీలయు పి. సుశీలయు. ఆ గాయనీమణులు వేఱు పాటలెన్నో పాడి కీర్తి పొందిరి. ఆ బాలురను మాత్రము అరువది యేండ్లయినను లోకము ఆ యొక్క వేషముతోనే గుర్తు పెట్టుకొన్నది. పాట వినబడగానే మన కన్నులకు కట్టునది ఆ పిల్లల ముఖములే కదా!

సరిగా ఆ కాలముననే అమెరికాలో మఱియొక వింత జరిగినది. 1965 మొదలు 1968 వఱకు అక్కడి పడుచువాండ్రు ఊరూర నలుగురైదుగురు చేరి, విద్యుత్ గిటారులు పట్టి, బండ్లు పెట్టుకొను కొట్లలో సాధకము చేసి బృందములు కట్టిరి. మత్తుమందులవలన కలుగు మనోభ్రాంతిని ధ్వనులలో చూపబూనిన ఆ సంగీతమునకు సైకెడెలిక్ రాక్ అని పేరు. మన సితారు కూడ ఆ గాలిలో చిక్కుకొన్నది. ఆ మత్తుమందుల గొడవ మనకు వలదు. వారి పాటలు గ్రామఫోను ప్లేటునకు తమ్ముడైన చిన్న ప్లేటుమీద వచ్చెడివి. అదియు మూడు నిమిషముల వ్యవహారమే. అది 45 చుట్లు తిరుగును. మన దేశమున 78 చుట్ల లక్క ప్లేటు ఇంకను చావనందున, ఇంగ్లండునకు చెందిన బీటిల్సు పాటలు కూడ ఇక్కడ ఆ ప్లేట్లమీదనే అచ్చయినవి. నేడు విదేశీయులు వానిని వెదకి వెదకి కొనుచున్నారు.

ఆ బృందములలో కౌంట్ ఫైవ్ అనునది కాలిఫోర్నియాలోని సాన్ హోసేలో చదువుకొను కుఱ్ఱవాండ్రది. 1966లో వారి పాట యొకటి అమెరికా దేశమంతట అమ్మకములలో అయిదవ స్థానమున కెక్కినది. మఱల వారా యెత్తునకు పోలేదు. లెమన్ పైపర్సు అను ఒహాయోవారి పాట 1968లో మొదటి స్థానమున నిలిచినది. వీధిలో కంజీరవంటి వాద్యము వాయించి డబ్బులడుగు పేదవాని పాట అది. ఆ పాట వారికి రుచింపకున్నను, కంపెనీవారి బలవంతమున పాడిరట. వారు ఏ సభకు పోయినను అదియే పాడుమనెడివారు. మన "వన్సుమోరు" అక్కడకును ప్రాకినది! స్ట్రాబెరీ అలారం క్లాక్ అను బృందము సంగతి యింకను చిత్రము. 1967 నవంబరులో ప్రథమస్థానము పొందిన వారి పాటను పాడినవాడు ఆ బృందమువాడే కాడు. గ్రెగ్ మన్‌ఫర్డ్ అను పదునాఱేండ్ల బాలుడు. పాట పుట్టుకలో పాలుపంచుకొన్న యిద్దఱు సభ్యుల పేర్లు కర్తలుగా ఎక్కనే లేదు. మా కృష్ణుడుగారు బ్రదికియుండిన ఈ కథ వారికి చెప్పియుందును.

ఆ బృందములను అమెరికావారు అయిదారేండ్లలో మఱచిరి. 1972లో లెన్నీ కే అను సంగీత విమర్శకుడు అట్టి పాటలు ఇరువదియేడు ఏర్చి, నగ్గెట్సు, అనగా బంగారపు ముద్దలు, అను పేర రెండు పెద్ద ప్లేట్ల సంపుటము వెలువరించెను. అందులో బృందముల పేర్లు, వారి కథలు వ్రాసెను. నేడు అక్కడి వృద్ధులకు ఆ పాటలమీద ఇంత మమకారము నిలుచుటకు ఆ పని పునాది. ఒక్క మనిషి కూర్చుండి పేర్లు వ్రాసినందున జరిగిన పని యిది.

వృద్ధాప్యమున ఈ బెంగ యేల కలుగును? మనసు సంగతి పరిశీలించువారు చెప్పునది యేమనగా, మనిషికి పదేండ్లు మొదలు ముప్పదియేండ్ల లోపున జరిగిన సంగతులు తక్కిన వయసుల సంగతులకంటె ఎక్కువగా జ్ఞాపకముండును. ఆ వయసున విన్న పాటలును అంతే. పెద్ద గాయకుని పాట మనము ఏండ్ల తరబడి వినుచునే యుందుము గనుక అది ఏ యొక్క కాలమునకును అంటుకొనదు. ఒక్క పాట పాడి మాయమైనవాని పాట అట్లు కాదు. అది ఆ సంవత్సరముతోనే ఉండిపోవును. అది విన్నచో ఆ తిరునాళ్ళు, ఆ రేవు, ప్రక్కన కూర్చుండి విన్న నేస్తము, అన్నియు దానితో లేచి వచ్చును. పాట గొప్పదగుట యవసరము లేదు. మా యూరి కృష్ణుడుగారి పద్యమున శ్రుతి ఒకచోట జాఱినదని సంగీతజ్ఞులొకరు నాతో ననిరి. జాఱినచో జాఱుగాక, నాకు వినవలసినది ఆ జాఱుడే.

ఇప్పుడు పాత ప్లేట్ల పాటలను ఉత్సాహవంతులు యూట్యూబులో పెట్టుచున్నారు. చేతిఫోనులో మనుమడు నొక్కిన వినబడును. కాని అందును "పాత నాటక పద్యము" అనియే యుండి, పాడినవాని పేరు లేనివి చాల కలవు. మీ యటకమీద ప్లేట్లున్నచో ఒకదానిపై నొకటి పేర్చక నిలువుగా నుంచుడు, లేనిచో బరువునకు వంగును. ఎండ తగులనీయరాదు. స్పిరిటుతో తుడువరాదు, లక్క దానిలో కరగును. తడిపి పిండిన మెత్తని గుడ్డ చాలును. పాత పెట్టెమీద మ్రోగించునపుడు వైపువైపునకు ఉక్కుసూది మార్చవలెను. క్రొత్త యంత్రములలోని పెద్ద ప్లేట్ల ముల్లు ఈ వెడల్పు గాడులకు సరిపడదు. వీనికి వేఱు ముల్లు దొరకును. చీటీకి చేరువగా లక్కమీద గీసిన సంఖ్య యొకటి యుండును. అది ఆ పాట పట్టినప్పటి సంఖ్య. చీటీ చినిగినను దానినిబట్టి ప్లేటును గుర్తింపవచ్చును. ఆ సంఖ్యను, నాటకము పేరును, పద్యపు మొదటి మాటను ఒక కాగితముమీద వ్రాసి ప్లేటుతోపాటు ఉంచుడు. ఆ క్రింద పాడినవారి ఊరు, పేరు, వేషము వ్రాయుడు. హార్మోనియము వాయించినవాని పేరు చాల చీటీలమీద ఉండదు. ఆ మనిషిని మీ రెఱిగియున్నచో అదియు వ్రాయుడు.