దుస్తుల తయారీ, ఆసుపత్రి నిర్వహణ: గ్రామ యువతకు క్రొత్త చదువులు

ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడినది మొదలు గ్రామములకు కళాశాలల ప్రకటన పత్రములు వచ్చుట ఆరంభమగును. రంగురంగుల ఆ కాగితములపై ఇంజనీరింగు, నర్సింగులతో పాటు మరి రెండు పేర్లు ఇప్పుడు తరచుగా కానవచ్చుచున్నవి. ఒకటి ఫ్యాషన్ డిజైను, రెండవది ఆసుపత్రి నిర్వహణ. తల్లిదండ్రులు ఆ పత్రమును చేతబట్టుకొని పంచాయతీ సభ్యుని యింటికి వచ్చి, ఈ చదువు మంచిదేనా యని అడుగుట సహజము. పొలము తాకట్టు పెట్టి కట్టు ఫీజు కావున ఆ జవాబు తేలికగా చెప్పదగినది కాదు. తిరుపతి, చిత్తూరు ప్రాంతముల సభ్యులకు ఉపకరించునని ఈ చదువుల స్వరూపమును ఇచట వివరించుచున్నాము.

ఫ్యాషన్ అనగా సినిమా తారల వేషములని మన పల్లెలలో పలువురి భావన. బొమ్మలు గీయుట ఆ చదువులో ఒక చిన్న భాగము మాత్రమే. ఒక చొక్కా నమూనాను పలు కొలతలకు పెంచుట, తగ్గించుట. బట్టను పొరలుగా పరచి, తుక్కు తక్కువగా పోవునట్లు ముక్కలను అమర్చి కోయుట. కుట్టు గట్టిదనమును, రంగు నిలకడను పరీక్షించుట. నూలు మొదలు గుండీ వరకు లెక్కగట్టి ధర నిర్ణయించుట, ఇవి అందలి అసలు పాఠములు. లక్ష చొక్కాలు కుట్టు కర్మాగారములో చొక్కా కొక అంగుళము బట్ట ఆదా చేసినచో రెండువేల అయిదువందల మీటర్లకు పైగా మిగులును. ఆ అంగుళమును మిగుల్చుట నేర్చిన వారికి జీతమిచ్చుటకు యజమానులు వెనుదీయరు.

ఈ విద్యకు మన ప్రాంతము క్రొత్తది కాదు. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినపుడు అందు చేరిన వెంకటగిరి, సన్నని నూలు చీరలకును జాందానీ నేతకును పేరు పొందినది. శ్రీకాళహస్తి కళాకారులు కరక్కాయ రసమున తడిపిన బట్టపై వెదురు కలముతో బొమ్మలు వ్రాయుదురు. పాత ఇనుమును బెల్లపు నీట నానవేసి నల్లరంగు తీయుదురు. ఆ కళలో జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ లభించినది. నగరి, పుత్తూరులలో మరమగ్గములు ఆడుచున్నవి. నేతగాని యింట పుట్టిన బాలికకు పడుగు, పేక, నూలు నెంబరు చిన్ననాటనే తెలియును. ఆమెకు తెలియనిది కొనువాని అభిరుచియు, ధర కట్టు పద్ధతియు మాత్రమే. మాకు తోచినంతలో, ఫ్యాషన్ చదువు అందరికంటె అట్టి బాలికకే ఎక్కువ లాభకరము.

చేరు మార్గములు పలు విధములు. ఇంటర్మీడియెటు వృత్తి విద్యా శాఖలలోనే దుస్తుల తయారీ కోర్సు కలదు. వెంకటగిరిలోని ప్రగడ కోటయ్య స్మారక చేనేత సంస్థలో పదవ తరగతి తరువాత మూడేండ్ల డిప్లొమా చదువవచ్చును. జాతీయ ఫ్యాషన్ సంస్థ యగు నిఫ్ట్ 1995లో హైదరాబాదు, మదరాసులలో కేంద్రములు తెరచినది. ఆ సంస్థలో ప్రవేశమునకు దేశవ్యాప్త పరీక్ష వ్రాయవలెను. ఇవి గాక 2014లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము, అనగా యూజీసీ, రూపొందించిన బి.వొక్. పద్ధతి యొకటి కలదు. ఏడాది చదివి ఆపిన డిప్లొమా, రెండేండ్లకు ఉన్నత డిప్లొమా, మూడేండ్లకు పట్టము లభించును. చదువు నడుమ ఆపవలసి వచ్చు పేద కుటుంబములకు ఈ సదుపాయము చిన్నది కాదు.

ఇక రెండవ చదువు. చిత్తూరు సమీపమున గల అరగొండ, అపోలో ఆసుపత్రుల స్థాపకులు డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డిగారి స్వగ్రామము. వారి మొదటి ఆసుపత్రి 1983లో మదరాసున ఆరంభమైనది. 2000 సంవత్సరమున అరగొండ ఆసుపత్రిని ఉపగ్రహము ద్వారా పట్టణ వైద్యులతో కలిపిరి. తిరుపతిలో స్విమ్స్ 1993లో సేవలు ప్రారంభించినది. ఆరోగ్య విద్యల కొరకు అపోలో విశ్వవిద్యాలయము 2021లో చిత్తూరున వెలసినది. ఇట్టి పెద్ద ఆసుపత్రులు వైద్యులతో మాత్రమే నడువవు. పడకల కేటాయింపు, మందుల గిడ్డంగి, గడువు తీరిన మందుల తొలగింపు, బీమా పత్రములు, ప్రభుత్వ ఉచిత వైద్య పథకమునకు ముందస్తు అనుమతి, 2016 నియమముల ప్రకారము ఆసుపత్రి వ్యర్థములను పసుపు, ఎరుపు, తెలుపు, నీలము రంగుల పాత్రలలో వేరుపరచుట, ఇవన్నియు చూచువారు నిర్వాహకులు. అనుమతి పత్రము ఒక పూట ఆలస్యమైన రోగి శస్త్రచికిత్స ఒక పూట ఆగును.

ఇచట ఒక పొరపాటు తరచుగా జరుగుచున్నది. "ఆరోగ్య రంగము" అను మాట చూచి, తమ కుమార్తె నర్సు కాగలదని తల్లిదండ్రులు తలంతురు. ఆసుపత్రి నిర్వహణ చదివినవారు సూది వేయరాదు, రక్తపరీక్ష చేయరాదు. నర్సింగునకు నర్సింగు కౌన్సిలు గుర్తింపు వేరుగా కావలెను. ప్రయోగశాల సహాయకులు మున్నగు వారి వృత్తులకు 2021 నాటి కేంద్ర చట్టము కలదు. అట్టి కోర్సులను దూరవిద్య ద్వారా నడుపరాదని యూజీసీ 2025లో ఆదేశించినది. తపాలాలో పాఠములు పంపి ల్యాబు టెక్నీషియను పట్ట మిత్తుమను ప్రకటన మీ గ్రామమునకు వచ్చినచో దానిని నమ్మవలదు. నిర్వహణ పట్టము పొందినవారు సైతము మొదట బిల్లుల బల్ల వద్దనో, విచారణ బల్ల వద్దనో కూర్చుండవలసి యుండును. మొదటి జీతము స్వల్పమే. ఎం.బి.ఏ. వంటి పై చదువును, అనుభవమును తోడైన పిమ్మటనే పై పదవులు.

కావున ఫీజు కట్టకముందు కళాశాలను అడుగవలసినది, భవనము ఎన్ని అంతస్తులని కాదు. పట్టమునిచ్చు విశ్వవిద్యాలయ మేది? బి.బి.ఏ. యైనచో, 2024-25 నుండి వలయు ఏ.ఐ.సి.టి.ఇ. ఆమోదము కలదా? విద్యార్థి ఎన్ని వారములు నిజమైన ఆసుపత్రిలో, నిజమైన కుట్టు కర్మాగారములో పని నేర్చును? ఆ ఆసుపత్రి పేరేమి? పేరు చెప్పలేని కళాశాలను మేమైతే విడిచిపెట్టుదుము. అసలు సర్టిఫికెట్లను కళాశాలలు తమ వద్ద ఉంచుకొనరాదని 2018లో యూజీసీ ఆదేశించినది. చూచి తిరిగి యీయవలసినదే.

దూరము పంపుటకు వెనుకాడు తల్లిదండ్రులకు, 1983లో తిరుపతిలో స్థాపితమైన శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమును గూర్చి చెప్పవచ్చును. అది స్త్రీలకే ప్రత్యేకింపబడినది. అచట గృహవిజ్ఞానము మొదలు ఇంజనీరింగు వరకు బోధించుచున్నారు.

రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు చెందదగిన 29 అంశములలో సాంకేతిక శిక్షణ, ఆరోగ్యము, కుటీర పరిశ్రమలు మూడును చేరియున్నవి. వేసవి గ్రామసభలో ఒక గంట ఈ విషయమునకు కేటాయించి, ఇట్టి కోర్సు చదివి వచ్చిన ఊరి యువతీయువకులను పిలిపించి మాటలాడించుటకు ఖర్చేమియు లేదు. కుల, ఆదాయ ధ్రువపత్రములకు ఆ దినముననే దరఖాస్తు చేయించినచో, ప్రవేశముల వేళ కార్యాలయముల చుట్టు తిరుగు పని తప్పును.