సర్కార్ పైసలతోని నడిచే సైకిల్ సంఘాలు ఏం సాధిస్తయి?

ఏటా జూన్ 3 అచ్చిందంటే పట్నాలల్ల ఒక్క తీరు ఫోటోలే కనవడ్తయి. తెల్ల టీషర్టులు, కొత్త హెల్మెట్లు, జెండా ఊపే లీడరు, ఎనుక ఓ నూరు సైకిళ్లు. ఆ రోజును ప్రపంచ సైకిల్ దినం అని ఐక్యరాజ్యసమితి 2018ల ప్రకటించింది. 2024 డిసెంబర్ల కేంద్ర క్రీడల శాఖ ‘సండేస్ ఆన్ సైకిల్’ అని ఆదివారం సవారీలు గూడ మొదలువెట్టింది. మంచిదే. కాకపోతే సోమారం పొద్దుగాల అదే రోడ్డు మీద పాల క్యాన్లు కట్టుకొని పొయ్యే పెద్దమనిషిని లారీ ఎప్పటి లెక్కనే రాసుకుంట పోతది. ర్యాలీతోని ఆయనకు ఏమొచ్చినట్టు?

సైకిల్ తొక్కుండ్రి అని జనానికి జెప్పనీకి, సైకిల్ తొవ్వలు వేపియ్యనీకి సంఘాలు వెట్టి, వాటికి సర్కార్ ఖజానాల కెల్లి పైసలిచ్చుడు చాన దేశాలల్ల యాబై ఏండ్ల కాంచి నడుస్తున్నది. ఆ పైసలు మన అసొంటోళ్లు కట్టిన పన్నులే గాబట్టి, ఫలితం వచ్చిందా లేదా అని అడిగే హక్కు మనకున్నది. ఇంకో చిక్కు గూడ ఉన్నది. సర్కార్ దగ్గర పైసలు తీసుకున్న సంఘం అదే సర్కార్ను ‘రోడ్డు ఎందుకు ఇట్ల వేసినవ్’ అని నిలదీస్తదా? నిలదీస్తే ‘తిన్నింటి వాసాలు లెక్కవెడ్తున్నరు’ అంటరు. నిలదీయకపోతే ఇగ ఆ సంఘం ఉన్నా లేకున్నా ఒకటే.

ముందుగాల నెదర్లాండ్స్ ముచ్చట. ఇయ్యాల సైకిల్ దేశం అంటే అందరు దాని పేరే జెప్తరు. వాళ్లకు పుట్టుకతోనే సైకిల్ పిచ్చి అనుకుంటం గని, అట్ల కాదు. రెండో ప్రపంచ యుద్ధం అయినంక అక్కడ గూడ కార్లు పెరిగినయి, సైకిళ్లు తగ్గినయి. 1971ల ఒక్క ఏడాదిల రోడ్ల మీద 3 వేలకు పైన మంది సచ్చిపోయిండ్రు. అండ్ల 400 కంటె ఎక్కువ మంది చిన్న పోరగాండ్లు. విక్ లాంగెన్‌హోఫ్ అనే జర్నలిస్టు బిడ్డ, ఆరేండ్ల పిల్ల, సైకిల్ మీద బడికి పోతుంటే బండి గుద్ది సచ్చిపోయింది. ఆయన 1972ల పేపర్ల ఒక వ్యాసం రాసిండు. ‘పిల్లల హత్యలు ఆపుండ్రి’ అన్నది దాని పేరు. ఆ పేరు మీదనే ఒక ఉద్యమం లేసింది. తల్లిదండ్రులు రోడ్లకు అడ్డం వడ్డరు, బండ్లు ఆపి నడిరోడ్డు మీద పిల్లలను ఆడిపిచ్చిండ్రు. ప్రధానమంత్రి ఇంటికి సైకిళ్ల మీద పోయి, పాటలు పాడుకుంట మాకు భద్రత గావాలె అని అడిగిండ్రు.

ఈ ఉద్యమానికి సర్కారే తర్వాత పైసలిచ్చింది. ఒక పాత దుకాణంల ఆఫీస్ వెట్టుకొని వాళ్లు గల్లీల నక్షలు గీసిండ్రు. ఇండ్ల నడుమ గల్లీలల్ల బండ్లు మనిషి నడిచే స్పీడ్‌తోనే పోవాలె, రోడ్డు పిల్లలది అనే పద్ధతి 1976ల చట్టంలకు ఎక్కింది. 1975ల సైకిల్ తొక్కేటోళ్ల యూనియన్ ఒకటి వేరేగ పుట్టింది, అది ఇప్పటికీ ఉన్నది. 2010 నాటికి రోడ్డు మీద సచ్చిపోయే పిల్లలు ఏడాదికి 14 మందికి తగ్గిండ్రు. ఇదంతా సంఘాల పుణ్యమే అంటే అబద్ధం అయితది. 1973ల చమురు కరువు వచ్చి ఆదివారం కార్లే బంద్ వెట్టిండ్రు, జనానికి కార్లు లేని రోడ్డు ఎట్లుంటదో కండ్లార కనవడ్డది. అట్ల తెరుసుకున్న తలుపు మళ్ల మూసుకపోకుండ పట్టుకున్నది మాత్రం సంఘాలే.

ఇండ్ల గమనించవలసింది వరుస. ముందు కోపం వచ్చింది, జనం వచ్చిండ్రు, తర్వాత పైసలు వచ్చినయి. పైసలు ఆగినా పొయ్యి ఆరిపోని సంఘం అది.

ఇంగ్లండ్‌ల వరుస ఉల్టా నడిచింది. 2005ల అక్కడి రవాణా శాఖ ‘సైకిలింగ్ ఇంగ్లండ్’ అని ఒక సంస్థ వెట్టింది. డెర్బీ, ఎక్సెటర్, డార్లింగ్టన్ అసొంటి ఆరు టౌన్లను తీసుకొని, మనిషికి ఏడాదికి దగ్గర దగ్గర 10 పౌండ్లు పడేటట్టు ఖర్సువెట్టిండ్రు. సగం కేంద్రం, సగం టౌన్. తొవ్వలు వేసిండ్రు, బడి పిల్లలకు రోడ్డు మీద తొక్కుడు నేర్పిండ్రు. రోడ్ల పక్కన సైకిళ్లను లెక్కవెట్టే మిషన్లు వెట్టిండ్రు. నాలుగేండ్లల్ల ఆ ఆరు టౌన్లల్ల సైకిల్ రాకపోకలు సగటున 27 శాతం పెరిగినయి. మిషన్ లెక్కవెట్టేది రాకపోకలనే, ఒక్క మనిషే రోజు నాలుగు సార్లు పోయినా నాలుగే అంటది. అయినా అది చిన్న ఫలితం కాదు. 2008ల బ్రిస్టల్‌తో పాటు ఇంకో 11 టౌన్లు కలిసినయి.

2010ల కొత్త సర్కార్ వచ్చింది. ఖర్సు తగ్గియ్యాలె అని పెద్ద లిస్ట్ తీసింది, ఆ లిస్ట్‌ల సైకిలింగ్ ఇంగ్లండ్ పేరు గూడ ఉన్నది. 2011 వచ్చేసరికి సంస్థ మూతవడ్డది. పని జేయక మూతవడలే, పని జేసినంక మూతవడ్డది. సర్కార్ వెట్టిన దాన్ని సర్కారే ఒక సంతకంతోని తీసేసింది, దాని ఎనుక రోడ్డెక్కే జనం ఎవ్వరు లేకుండిరి.

అదే దేశంల సస్ట్రాన్స్ అనే స్వచ్ఛంద సంస్థ కథ ఇంకా ఇచ్చంత్రం. 1977ల బ్రిస్టల్‌ల కొంతమంది దోస్తులు మొదలువెట్టిండ్రు. మూతవడ్డ రైలు పట్టాల జాగల సైకిల్ తొవ్వ వేసి పేరు తెచ్చుకున్నరు. 1995ల ప్రభుత్వ లాటరీ నిధులు 43.5 మిలియన్ పౌండ్లు వచ్చినయి, దేశమంత సైకిల్ తొవ్వల జాలం వెయ్యనీకి. 2005 నాటికి 10 వేల మైళ్లు పూర్తి అన్నరు. సప్పట్లు మోగినయి. 2018ల వాళ్లే తమ తొవ్వలను తాము పరీక్ష జేసుకున్నరు. 42 శాతం బాగలేవు, 4 శాతం మరీ అధ్వానం అని తేలింది. చాన కాడ అది సైకిల్ తొవ్వనే కాదు, బండ్లు ఉరికే రోడ్డు పక్కన నీలం బోర్డు పాతి తొవ్వ అని లెక్కల రాసుకున్నరు. 2020ల దాదాపు పావు వంతు తొవ్వలను తమ నక్షల కెల్లి తీసేసిండ్రు, పిల్లలను పంపే భద్రత లేదు అని.

తమ తప్పును తామే లెక్కదీసి జనం ముందట వెట్టుడు గొప్ప సంగతే, దానికి సస్ట్రాన్స్‌ను మెచ్చుకోవాలె. మన దగ్గర ఏ శాఖ అయినా ఇట్ల జేసిందా సోంచాయించుండ్రి. కని రోగం ఏంది? పైసలిచ్చినోడు మైళ్లు అడిగిండు గాబట్టి వీళ్లు మైళ్లు సూపెట్టిండ్రు. ‘ఎనిమిదేండ్ల పిల్ల ఒక్కతే ఈ తొవ్వ మీద బడికి పోగల్గుతదా’ అని అడిగి ఉంటే, మైళ్లు తక్కువ పడుతుండె, తొవ్వలు గట్టిగ ఉంటుండె.

ఇగ మన దిక్కు వద్దాం. సర్కార్ పైసలతోని సైకిల్ ఉద్యమం నడిచిన చోటు మనకు దగ్గర్లనే ఒకటున్నది, తమిళనాడుల పుదుక్కోట్టై జిల్లా. 1991ల అక్కడ ‘అరివొళి ఇయక్కం’ మొదలైంది, అంటే జ్ఞానజ్యోతి ఉద్యమం. జాతీయ సాక్షరతా మిషన్ కింద జిల్లాలకు కేంద్రం, రాష్ట్రం కలిసి నిధులిచ్చేటియి. సదువు జెప్పేటోళ్లు మాత్రం జీతం లేని వాలంటీర్లు. వాళ్లల్ల చాన మంది ఆడపిల్లలే. ఊరూరు తిరుగాలంటే బస్సు లేదు, మొగోళ్లు ఎక్కడ తీసుకపోతే అక్కడికే పోవాలె. గప్పుడు కలెక్టర్‌గ ఉన్న షీలా రాణి చుంకత్, సదువుతో పాటు సైకిల్ గూడ నేర్పుదాం అని ముందటికి వచ్చింది. బ్లాకులోళ్ల మీద బాధ్యత వెట్టింది, ఆడోళ్లకు సైకిల్ కొననీకి లోన్లు ఇయ్యుండ్రి అని బ్యాంకుల ఎంట వడ్డది.

కైకిలోళ్లు, రాళ్ల క్వారీలల్ల పనిజేసేటోళ్లు, ఊర్ల తిరిగే నర్సులు, టీచర్లు, అందరు నేర్చుకున్నరు. లేడీస్ సైకిళ్లు దొరుకక మొగోళ్ల సైకిళ్లే తొక్కిండ్రు. నడుమ రాడ్ ఉంటే పిల్లను కూసోవెట్టుకోవచ్చు అని అదే నయం అన్నోళ్లు గూడ ఉన్నరు. మొదట్ల మొగోళ్లు పాడు మాటలు అన్నరు. ఒక్కతి తొక్కితే ఊరు నోరు మూయదు, వెయ్యి మంది తొక్కితే మూస్తది. 1992ల ఒక్క ప్రదర్శనకే 70 వేల మంది ఆడోళ్లు సైకిళ్ల మీద వచ్చిండ్రని జర్నలిస్టు పి. సాయినాథ్ రాసిండు. జిల్లా మొత్తంల నేర్చుకున్నోళ్లు లక్ష దాటిండ్రు. బస్సు కోసం అర్ధ దినం సూసేటోళ్లు సరుకు తామే తీసుకపోయి అమ్ముకున్నరు, ఆ మిగిలిన పొద్దుల ఇంకో పని జేసుకున్నరు, లేకుంటే జర నడుం వాల్చిండ్రు.

ఇండ్ల సంఘం జేసిన పని ఏంది? సైకిల్ తొక్కుడు అందరికీ తెలిసిందే, ప్రచారం అక్కర్లేదు. సంఘం ఇచ్చింది ధైర్యం, తోడు. దానికి లోన్ తోడైంది. కొన్నేండ్లకు సైకిల్ ధర పెరిగితే పేదింటోళ్లకు కొనుడు కష్టమైంది, అది గూడ సాయినాథే రాసిండు. అంటే ధైర్యం ఇచ్చే సంఘం ఉన్నా, చేతికి సైకిల్ అందకపోతే బండి ముందటికి పోదు.

సర్కార్ పైసలు తిన్న ఉద్యమం సర్కార్ను అడుగదు అనేటోళ్లకు మన తెలుగు నేల మీదనే జవాబు ఉన్నది. నెల్లూరు జిల్లాల అదే రోజులల్ల, అదే సాక్షరతా నిధులతోని ‘అక్షర దీపం’ నడిచింది. రాత్రి బడి పుస్తకంల సారా మీద ఒక పాఠం ఉండె. దాన్ని సదివిన దూబగుంట ఆడోళ్లు సారా దుకాణం బంద్ వెట్టిపిచ్చిండ్రు. అక్కడి కెల్లి లేసిన ఉద్యమం సర్కార్ సారా వేలం పాటలనే ఆపింది, 1993 అక్టోబర్‌ల రాష్ట్రమంత సారా బంద్ అయ్యింది. ఖజానాకు కోట్లు తెచ్చే దందాను, ఖజానా పైసలతోని అచ్చేసిన పుస్తకమే దెబ్బకొట్టింది. ఎవ్వని పైసలు అన్నదాని కంటె, పని ఎవ్వని చేతిల ఉన్నది అన్నదే అసలు సంగతి.

సంఘమే లేకుండ గూడ కొంత నడుస్తది. బీహార్ల 2006 కాంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ కొననీకి పైసలిచ్చిండ్రు. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాష్ అనే ఆర్థికవేత్తలు లెక్కలు తీస్తే, హైస్కూల్ల చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగిండ్రు, మొగపిల్లలకు ఆడపిల్లలకు మధ్యన ఎడం 40 శాతం తగ్గింది. బడి మూడు కిలోమీటర్లకు పైన దూరం ఉన్న ఊర్లల్లనే ఎక్కువ ఫలితం కనవడ్డది. ఆంధ్రల గూడ ‘బడికొస్తా’ అని హైస్కూల్ ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చిండ్రు. కని టైరు పగిలితే, రోడ్డు బాగలేకపోతే, ఇచ్చిన సైకిల్ గోడకు ఆనుకొనే ఉంటది. అది అడిగేటోడు ఒకడు గావాలె. సంఘానికి పైసలిచ్చుడుల అర్థం ఉన్నది అంటే అందుకే.

మన తెలంగాణల ఇప్పుడు చేతికి కనవడే పెద్ద సైకిల్ పని ఏంది అంటే హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పొంటి 23 కిలోమీటర్ల ట్రాక్. మీద సోలార్ పలకలు, కింద నీడ. 2023 అక్టోబర్ల తెరిచిండ్రు. ముద్దుగున్నది, కాదనం. కని అది పొద్దుగాల ఒళ్లు వంచనీకి పొయ్యేటోళ్ల తొవ్వ. ఊరి కెల్లి మెయిన్ రోడ్డు దాక మూడు, నాలుగు కిలోమీటర్లు ఉంటది సూడు, ఆ ముక్క గురించి మాట్లాడే సంఘం ఎక్కడున్నది? 2023 డిసెంబర్ కాంచి ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయ్యింది, కని బస్సు ఆగేది మెయిన్ రోడ్డు మీదనే. మన గ్రామీణ తారు రోడ్డు ఎడల్పు మామూలుగ 3.75 మీటర్లు. ట్రాక్టరు ఎదురొస్తే సైకిల్ దిగాల్సింది పక్క మొరంలకే, ఆ మొరం గూడ వానకు కోసుకపోయి ఉంటది.

ఇండ్ల మనం జేయగలిగింది ఒకటున్నది, దానికి టీషర్ట్ అక్కర్లేదు. మీ మండలంల బడి పిల్లలు ఎంతమంది సైకిల్ మీద వస్తున్నరో ఓ వారం గేటు కాడ నిలబడి లెక్కవెట్టుండ్రి. ఏ మూల మీద పడ్తున్నరో రాసుకోండ్రి. తర్వాత సమాచార హక్కు కింద మండల ఆఫీస్‌ల, పంచాయతీరాజ్ ఇంజనీర్ ఆఫీస్‌ల దరఖాస్తు వెట్టుండ్రి: ఈ రోడ్డు పక్క మొరానికి పోయిన మూడేండ్లల్ల ఎన్ని పైసలు వచ్చినయి, ఎన్ని ఖర్సయినయి, సైకిల్ పేరు మీద ఏ సంఘానికన్న నిధులిచ్చిండ్రా, ఇస్తే వాళ్లు ఏం లెక్క జూపిచ్చిండ్రు. 30 రోజులల్ల జవాబు ఇయ్యాలె. ఆ కాయిదం, మీ లెక్క, రెండు పట్టుకొని గ్రామసభల మాట్లాడుండ్రి.